కిలో సరుకునకు ఎంత మడ్డి?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఈ వేదికపైకి పిలిచినవారు పర్యావరణ పరిరక్షణ అను విషయముపై మాట్లాడుమనిరి. ఆ మాట మీరు అనేక సభలలో వినియున్నారు. చెట్లు నాటుడు, ప్లాస్టిక్ సంచులు మానుడు, ఇంకుడు గుంతలు త్రవ్వుడు అని చెప్పి ముగించినచో నా పని సులభమగును, మీకు భోజనవేళయు తప్పదు. కాని నేడు నేను చెప్పదలచినది అంతకంటె ఇరుకైన విషయము. ఒక రసాయన కర్మాగారము మీ పొలిమేరకు వచ్చునపుడు అందులో ఏమి వండుదురు, వండగా ఏమి మిగులును, ఆ మిగులు మొదటనే తగ్గించు విద్య ఏదైన కలదా అని అడుగుటను గూర్చి చెప్పెదను. ఆ విద్యకే హరిత రసాయనశాస్త్రమని పేరు. పేరు పెద్దది, విషయము గానుగ ఆడించిన ప్రతివారికిని తెలిసినదే.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున, దాని పేరు చెప్పను, మందుల ముడిసరుకు తయారుచేయు కర్మాగారమును గూర్చి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగెను. సభను గూర్చి ఊరూర తెలియజేయు కరపత్రము వ్రాసినది నేనే. పెట్టుబడి ఎన్ని కోట్లు, కొలువులు ఎన్ని, భూమి ఎన్ని ఎకరములు అన్న అంకెలన్నియు అందు అచ్చువేయించితిని. సభలో ఒక ముసలమ్మ లేచి ఇట్లడిగెను: "అయ్యా, గానుగల నువ్వులు ఆడిస్తే నూనె వస్తది, చెక్క మిగులుతది. చెక్క బర్రె తింటది. మీ ఫ్యాక్టరీల మందు తీస్తే ఏం మిగులుతది? అది ఎవలు తింటరు?"

వేదికపై నున్నవారు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. సంస్థ ప్రతినిధి, అంతయు నిబంధనల ప్రకారము శుద్ధిచేయుదుమని బదులు చెప్పెను. ఆమె కూర్చొనెను. కాని ఆమె అడిగినది శుద్ధిని గూర్చి కాదు, మిగులు ఎంత అని. నా కరపత్రములో ఆ అంకె లేదు. దానిని వేయవలెనని నాకు తోచనేలేదు. తరువాత నేను వారి పర్యావరణ ప్రభావ నివేదిక తిరుగవేసి చూడగా, ప్రాజెక్టు వర్ణన అను అధ్యాయములో, చిన్న అక్షరముల పట్టికలో, ఆ లెక్క చక్కగా ఉన్నది. అడిగిన ఆమెకు దొరకలేదు. దొరకించవలసిన నేను చదువలేదు.

ఆమె అడిగిన ప్రశ్ననే రోజర్ షెల్డన్ అను రసాయన శాస్త్రవేత్త 1992లో శాస్త్రలోకము ముందుంచెను. ఒక కిలో సరుకు తయారగునపుడు ఎన్ని కిలోల వ్యర్థము పుట్టునో చెప్పు అంకెకు ఆయన ఇ-ఫ్యాక్టరు అని పేరుపెట్టెను. ఆయన కట్టిన లెక్క వినుడు. పెట్రోలు శుద్ధి కర్మాగారములలో కిలోకు నూరు గ్రాముల లోపే. పెద్ద యెత్తున తయారగు సాధారణ రసాయనములలో కిలోకు ఒక కిలో లోపు నుండి 5 కిలోల వరకు. రంగులు మొదలగు సూక్ష్మ రసాయనములలో 5 నుండి 50 కిలోలు. మందుల తయారీలో 25 నుండి 100 కిలోలు, ఒక్కొక్కచో అంతకు మించియు. మందుబిళ్ల చిన్నది, దాని వెనుక మడ్డి పెద్దది. చూచుటకు శుభ్రముగ నుండు పరిశ్రమయే లెక్కకు అందరికంటె మురికిదిగా తేలుట ఆశ్చర్యమే. అందుకు కారణము కలదు. మందు అణువును ఒక్క మెట్టులో కట్టలేరు. అయిదారు మెట్లు, పది మెట్లు ఎక్కవలెను. ప్రతి మెట్టునను ద్రావణులలో కరగించి, కడిగి, వడపోసి, ఎండబెట్టవలెను. వాడిన సరుకులో అధిక భాగము ఈ ద్రావణులే.

ఇపుడు ఒక గ్రామము కథ చెప్పెదను. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లాలో బిచ్‌డీ అను చిన్న గ్రామము కలదు. 1988లో ఆ గ్రామము చెంత ఒక సంస్థ హెచ్-ఆమ్లము అను రసాయనమును తయారుచేయ నారంభించెను. ఇది బట్టల రంగులకు ముడిసరుకు. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందకయే పని మొదలుపెట్టిరి. అది నడచినది స్వల్పకాలమే. 1989 జనవరి నాటికి మూతబడెను. ఆ కొలది కాలములో తయారైన హెచ్-ఆమ్లము 375 టన్నులు. దానితోపాటు పుట్టిన మడ్డి 2,440 టన్నులు. పుట్టిన వ్యర్థజలము 8,250 ఘనపు మీటర్లు, అనగా 82 లక్షల 50 వేల లీటర్లు.

మీరే భాగహారము చేయుడు. కిలో సరుకునకు ఆరున్నర కిలోల మడ్డి, 22 లీటర్ల విషజలము. ఒక్కొక్క ట్రాక్టరు ట్రక్కుకు మూడేసి టన్నుల చొప్పున ఎత్తినను ఆ మడ్డి 800 ట్రక్కులకు పైబడును. దానిని కర్మాగారపు ఆవరణలోను చుట్టుపట్లను ఆరుబయట కుమ్మరించిరి. వానలు వచ్చెను. మడ్డిలోని విషము భూమిలోనికి ఇంకెను. సుమారు 350 హెక్టార్ల మేర 60 బావుల నీరు చెడెను. ఆ నీరు మనుష్యులకు గాని, పశువులకు గాని, పైరుకు గాని పనికిరాకపోయెను. గ్రామస్థులు తిరుగబడగా జిల్లా అధికారులు 144వ సెక్షను విధింపవలసివచ్చెను. కర్మాగారము మూతబడినది అప్పుడే. కాని మూతబడిన కర్మాగారపు మడ్డి ఎవరికి? ఊరికే.

ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో-లీగల్ యాక్షన్ అను సంఘము సుప్రీంకోర్టుకు వెళ్లెను. 1996 ఫిబ్రవరి 13వ తేదీన తీర్పు వచ్చెను. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డిగారు మన తెలుగువారే. ప్రమాదకరమైన పని చేయువాడు ఎంత జాగ్రత్త తీసికొంటినని చెప్పినను, కలిగిన నష్టమునకు వాడే బాధ్యుడని, చెరచిన నేలను నీటిని బాగుచేయు ఖర్చు వానియొద్దనే రాబట్టవలెనని ఆ తీర్పు స్థిరపరచెను. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ, అనగా నీరీ, ఆ ఖర్చును 37 కోట్ల 38 లక్షల 50 వేల రూపాయలుగా లెక్కగట్టెను. సంస్థవారు పిటిషను మీద పిటిషను వేసి కాలము గడపిరి. 2011 జులైలో సుప్రీంకోర్టు వాటినన్నిటిని త్రోసివేసి, 1997 నవంబరు నుండి ఏటా నూటికి 12 రూపాయల చక్రవడ్డీతో చెల్లింపుమనెను.

ఇచ్చట ఒక లెక్క నన్ను వదలదు. ఆ 37 కోట్లను 375 టన్నులతో భాగించిన కిలోకు వేయి రూపాయలకు దగ్గరగ వచ్చును. ఆ యజమానుల ఇతర కర్మాగారముల కాలుష్యము కూడ ఆ ఖర్చులో చేరియున్నది గనుక ఇది తూచినట్టి లెక్క కాదు. అయినను సరుకు అమ్మినవాడు తన ధరలో వేయని ఖర్చు ఒకటి కలదనియు, అది బిచ్‌డీ రైతు బావిలో జమకట్టబడినదనియు దీనివలన తెలియును. 1989లో మూతబడిన కర్మాగారపు బాకీ 2011లో కూడ కోర్టులో నడచుచుండెను. ఆనాడు పుట్టిన పిల్లలకు అప్పటికి పెండ్లియీడు వచ్చియుండును.

ఆ మడ్డి ఎందుకు పుట్టెను? ఈ ప్రశ్నతోనే మనము రసాయనశాస్త్రములోనికి అడుగిడుచున్నాము. భయపడవలదు, ఇది వంటయింటి లెక్కయే. హెచ్-ఆమ్లమును నాఫ్తలీనునుండి తీయుదురు. నాఫ్తలీననగా బట్టల పెట్టెలలో వేయు గుండ్ల పదార్థము. దానిని మొదట గంధకామ్లముతో వేడిచేయుదురు. చర్య ముగియుసరికి వాడకము కాని ఆమ్లము చాల మిగులును. దానిని చంపుటకు సున్నము కలుపుదురు. సున్నము, గంధకామ్లము కలిసిన జిప్సము అగును. ఇది మొదటి మడ్డి. తరువాత ఒక మెట్టులో నత్రికామ్లముతో చేర్చిన నైట్రో భాగమును అమైను భాగముగా మార్చవలెను. పాత పద్ధతిలో దీనికి ఇనుపరజను వాడుదురు. పని ముగియుసరికి ఇనుము అంతయు నల్లని ఆక్సైడు బురదయై అడుగున దిగును. ఇది రెండవ మడ్డి. ఈ బురదలో రంగు రసాయనములు పట్టుకొనియుండును గనుక ఇది వట్టి త్రుప్పు కాదు, విషము.

ఇనుపరజను బదులు ఉదజని వాయువును, ఒక ఉత్ప్రేరకమును వాడినచో? అదే మార్పు జరుగును. మిగులునది నీరు మాత్రమే. ఇనుప మడ్డి పుట్టనే పుట్టదు. ఉత్ప్రేరకమనగా పాలలో వేసిన తోడు వంటిదని మీరు తలంపవచ్చును. కొంచెము చాలును, పని జరిపించును. తోడు పెరుగులో కలిసిపోవును గాని, ఈ లోహపు ఉత్ప్రేరకమును వడపోసి తీసి మరల వాడుకొనవచ్చును. ఈ పద్ధతికి చిక్కులు లేకపోలేదు. ఉదజని మండునట్టి వాయువు. గట్టి ఒత్తిడి పాత్రలు, తర్ఫీదు పొందిన పనివారు కావలెను. మొదటి పెట్టుబడి ఎక్కువ. ఇనుపరజను చవుక, ఎవడైనను కలుపగలడు. ఆ చవుకదనమునకు వెల ఎవరు చెల్లించిరో పైన చెప్పితిని.

హరిత రసాయనశాస్త్రమనగా ఇదియే. పుట్టిన మడ్డిని ఎట్లు శుద్ధిచేయవలెనని కాక, మడ్డి పుట్టకుండ వంట విధానమునే ఎట్లు మార్చవలెనని ఆలోచించుట. అమెరికాలో 1990లో కాలుష్య నివారణ చట్టము వచ్చిన పిమ్మట అచ్చటి పర్యావరణ సంస్థలో పనిచేసిన పాల్ అనస్తాస్, ఆయన స్నేహితుడు జాన్ వార్నర్ కలిసి 1998లో ఒక గ్రంథమున దీనికి 12 సూత్రములు వ్రాసిరి. పన్నెండును మీకు వల్లెవేయించను. మొదటిది, వ్యర్థమును శుద్ధిచేయుటకంటె పుట్టకుండ ఆపుట మేలు అన్నది. మిగిలినవాటిలో చాలభాగము దానికి శాఖలే: విషద్రావణులు తగ్గించుడు, ఉత్ప్రేరకములు వాడుడు, వాడిన ప్రతి అణువును సరుకులోనికి చేరునట్లు చూడుడు, ప్రమాదము జరిగినను పెద్దది కాని పదార్థములను ఎన్నుకొనుడు.

ఈ చివరి మాట విన్నపుడు భోపాల్ గుర్తుకు రాక మానదు. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి అచ్చట వెలువడినది మిథైల్ ఐసోసయనేటు. అది అమ్మకపు సరుకు కాదు. కార్బరిల్ అను పురుగుమందు తయారీలో నడుమ వచ్చు పదార్థము. దానిని టాంకులో సుమారు 40 టన్నులు నిలువచేసిరి. అవే ముడిసరుకులను వేరు వరుసలో కలిపినచో మిథైల్ ఐసోసయనేటు మధ్యలో పుట్టకుండనే కార్బరిల్ తయారగును. ఆ దారిలోను ఫాస్జీను అను విషవాయువు వాడక తప్పదు. కనుక అది నిర్దోషమైన దారి అని చెప్పను. కాని లేని పదార్థము కారిపోదు గదా.

సరుకు ధర పెరగకుండ ఇది సాధ్యమా అని మీలో వ్యాపారము తెలిసినవారు అడుగుదురు. ఒక ఉదాహరణ చాలును. ఒంటినొప్పులకు, జ్వరమునకు వాడు ఐబుప్రొఫెను మాత్ర మీరెరిగినదే. ఇంగ్లండులో 1960ల దశకమున కనిపెట్టిన పద్ధతిలో దీనికి ఆరు మెట్లు. లోన వేసిన పదార్థములలో నూటికి 40 పాళ్లు మాత్రమే మాత్రలోనికి చేరెడివి; 60 పాళ్లు వ్యర్థము. 1992లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున బిషప్ అను ఊర కట్టిన కర్మాగారములో ఆ ఆరు మెట్లను మూడు చేసిరి. నూటికి 77 పాళ్లు సరుకులోనికి చేరెను. మిగిలినదానిలో అధిక భాగము అసిటికామ్లము, అనగా వినిగరులోని పులుపు. దానిని కూడ తీసి వాడుకొనినచో లెక్క నూటికి 99 వరకు పోవును. ముసలమ్మ చెప్పిన చెక్క ఇదే. బర్రె తినగలిగిన మిగులు. మెట్లు సగమైనవి గనుక పాత్రలు తగ్గెను, కాలము తగ్గెను. ఆ పద్ధతికి 1997లో అమెరికా ప్రభుత్వపు హరిత రసాయన బహుమానము వచ్చెను. అందులో వాడునది హైడ్రోజన్ ఫ్లోరైడు అను అతి ప్రమాదకరమైన పదార్థమని కూడ చెప్పవలెను. దానిని తిరిగి పట్టి వాడుదురు, బయటకు వదలరు. పేరులో హరితమున్నంత మాత్రమున కాపలా మానరాదు.

ఇక మన ఇంటి సంగతి. హైదరాబాదునకు చేరువనున్న పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతములను 1970ల నుండి పారిశ్రామిక వాడలుగా పెంచితిమి. వెనుకబడిన మెదకు జిల్లాకు కొలువులు వచ్చునన్న ఆశ న్యాయమైనదే. కొలువులు వచ్చెను కూడ. మందుల పరిశ్రమ ఆ నేలమీదనే వేళ్లూనెను. ఆ మందులు మనకును లోకమునకును అవసరమైనవే. కాని వాటి వ్యర్థజలము నక్కవాగునకు, అందుండి మంజీరకు పోయెను. చెరువులు, బావులు చెడినవని ఆ గ్రామములవారు ఎలుగెత్తిరి. అచ్చట వైద్యము చేయుచుండిన డాక్టరు అల్లాని కిషన్ రావుగారు దశాబ్దముల కాలము ఈ విషయముపై పోరాడిరి. 1990లో వ్యాజ్యము సుప్రీంకోర్టు చేరెను. 1994లో ఉమ్మడి శుద్ధి కర్మాగారము నడక ప్రారంభించెను. ఇకనేమి, సమస్య తీరినదని అందరు తలచిరి.

2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు యోకిం లార్సన్, ఆయన సహచరులు ఒక పరిశోధన ప్రకటించిరి. సుమారు 90 మందుల కర్మాగారముల మురుగు వచ్చు ఆ శుద్ధి కేంద్రము నుండి, శుద్ధియైన పిమ్మట బయటకు పోవు నీటిని వారు పరీక్షించిరి. అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను సూక్ష్మజీవినాశక ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. కొన్ని సూక్ష్మజీవులకు విషమగు మోతాదుకు ఇది వేయి రెట్లు మించినది. రోజుకు 45 కిలోల మందు ఆ నీటితో పోవుచున్నదని వారు అంచనా కట్టిరి. అప్పటి 90 లక్షల జనాభా గల స్వీడను దేశమంతయు అయిదు దినములు వాడు మందు అది. అమ్ముకొనవలసిన సరుకే వాగులో పోయినది చూడుడు! ఆ నీటిలో బ్రతుకనేర్చిన సూక్ష్మజీవులు ఆ మందుకు లొంగనివగును; అటువంటి జీవి మనిషికి సోకిననాడు డాక్టరు వ్రాసిన మాత్ర పనిచేయదు. పటాన్‌చెరు వాగులోని తప్పు పటాన్‌చెరులోనే ఆగదు.

శుద్ధి కేంద్రముండగా ఇట్లేల జరిగెను? సామాన్య శుద్ధి కేంద్రములో మురుగును తినునవి సూక్ష్మజీవులే. సూక్ష్మజీవులను చంపు మందును వాటికే వడ్డించిన అవి ఏమి శుద్ధి చేయగలవు? గొట్టపు కొసను ఎంత బాగుచేసినను ఇటువంటి చిక్కు తీరదు. మొదలులోనే మందు నీటిలోనికి జారకుండ పట్టవలెను. పిమ్మట అనేక కర్మాగారములలో చుక్కనీరు బయటకు వదలని ఏర్పాటు వచ్చెను. మురుగును మరగించి నీటిని తిరిగి వాడుకొందురు. ఇది మేలైనదే. కాని మరిగిన పాత్ర అడుగున ఉప్పు మడ్డి మిగులును. దానిని దుండిగల్, పరవాడ వంటిచోట్ల గల ప్రమాదకర వ్యర్థముల నిక్షేప స్థలములకు చేర్చవలెను. ఆ స్థలములకు సమీపమునను గ్రామములు ఉన్నవి. మడ్డి ఊరు మారినది, మాయము కాలేదు.

ఇంత చెప్పి, మనవారు చేతులు ముడుచుకొని కూర్చున్నారనుట అన్యాయము. హైదరాబాదులో తార్నాక వద్దనున్న భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో నిజాం కాలమున ప్రయోగశాలగా పుట్టి, 1956లో కేంద్ర పరిశోధన మండలి క్రిందికి వచ్చినది. ఉత్ప్రేరకముల పరిశోధనలో పేరెన్నికగన్న డాక్టరు మన్నేపల్లి లక్ష్మీకాంతముగారు 2013 నుండి 2015 వరకు దానికి అధిపతిగా ఉండిరి. ఆ సంస్థవారి విద్యతోనే బోయినపల్లి కూరగాయల బజారులో కుళ్లిన కూరలనుండి వాయువు తీయు యంత్రము నెలకొల్పిరి. రోజుకు పది టన్నుల చెత్తనుండి 500 యూనిట్ల కరెంటు వచ్చుచున్నదని 2021 జనవరిలో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగములో ప్రస్తావించిరి. వేపనూనె పట్టించిన యూరియా మీ పొలములకు వచ్చినదే. 2015 నుండి దేశములో తయారగు యూరియా అంతటికి వేపపూత తప్పనిసరి చేసిరి. వేప పదార్థము నేలలోని సూక్ష్మజీవుల పనిని నెమ్మదింపజేయుటచే నత్రజని వెంటనే నీటిలో కొట్టుకొనిపోదు. మన పెరటి చెట్టే ఇచ్చట రసాయన శాస్త్రవేత్త.

విషమును మొదటనే వద్దనుకొనుట గ్రామము కూడ చేయగలదనుటకు ఖమ్మము జిల్లా పునుకుల సాక్ష్యము. నేడు అది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ప్రత్తికి మందు మీద మందు కొట్టి అప్పులపాలైన ఆ రైతులు 1999 నుండి స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు వాడసాగిరి. పిమ్మట తమ ఊరు పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకొనిరి. గ్రామ పంచాయతీయే తీర్మానము చేసి, మందుల వర్తకులను తమ ఊరికి రావలదని కోరెను. తీర్మానము చేసినది మీవంటి సభ్యులే.

ఇంతవరకు విద్య, ఇక చట్టము. మన దేశమున హరిత రసాయనశాస్త్రము పేరిట ప్రత్యేక చట్టము లేదు. 1974 నాటి జల చట్టము, 1981 నాటి వాయు చట్టము, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము, ఇవి ముఖ్యముగ గొట్టపు కొసన ఏమి వచ్చుచున్నదో చూచును. లోపల వంట ఎట్లు చేయుదురో అంతగా అడుగవు. నా అభిప్రాయములో ఇది పెద్ద లోటు. ఒక కిలో సరుకునకు ఇంతకు మించి వ్యర్థము పుట్టరాదని ప్రతి పరిశ్రమకును ఒక కొలత పెట్టి, ఏటేట దానిని దించుకొనిపోవు విధానము రావలసియున్నది. అందాక, లోపలి వంటను గూర్చి అడుగుటకు గ్రామస్థులకు లభించు తలుపు 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన. దానిని గూర్చి నిదానముగ చెప్పెదను. మందులు, రంగులు, పురుగుమందుల ముడిసరుకు కర్మాగారములు ఈ ప్రకటన క్రిందికి వచ్చును. ఆమోదము పొందిన పారిశ్రామిక పార్కులలో పెట్టువాటికి మాత్రము ప్రజాభిప్రాయ సభ ఉండకపోవచ్చును. 2022లో దేశమునకు మంజూరైన మూడు పెద్ద మందుల పార్కులలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌నకు వచ్చినది. కనుక పార్కు కొరకు జరుగు మొదటి సభనే జారవిడువరాదు. పిమ్మట ఒక్కొక్క కర్మాగారమునకు మరల అడుగు అవకాశము దొరకకపోవచ్చును.

సభను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటుచేయును. కలెక్టరుగాని ఆయన ప్రతినిధిగాని అధ్యక్షత వహింతురు. కనీసము 30 దినముల ముందు పత్రికలలో ప్రకటింపవలెను. నివేదిక ప్రతి కలెక్టరు కార్యాలయమున, జిల్లా పరిషత్తున, జిల్లా పరిశ్రమల కేంద్రమున చూచుటకు ఉంచుదురు. సంగ్రహము తెలుగులో ఉండును. కాని నేను చెప్పిన పట్టిక సంగ్రహములో ఉండకపోవచ్చును. పెద్ద పుస్తకమునే అడిగి తీయవలెను. మీ గ్రామమున డిగ్రీలో రసాయనశాస్త్రము చదివిన పిల్లవాడో పిల్లయో ఉండును. ఒక పూట కూర్చుండబెట్టి ఆ అధ్యాయము చదివింపుడు. ప్రతి సరుకునకు లోనికి వేయునదెంత, సరుకుగా వచ్చునదెంత, నీటిలో పోవునదెంత, మడ్డిగా మిగులునదెంత అను లెక్క అందు ఉండును. రెండిటిని భాగించిన ముసలమ్మ అడిగిన అంకె వచ్చును.

సభలో హాజరైన ప్రతివ్యక్తికి వివరము అడుగు హక్కు కలదు. కోరము అక్కరలేదు, భూమి పట్టా అక్కరలేదు. కిలో సరుకునకు వ్యర్థమెంత అని అడుగుడు. అదే సరుకును ఇతరచోట్ల తక్కువ మడ్డితో చేయు పద్ధతి కలదా, ఉన్నచో మీరేల దానిని ఎన్నుకొనలేదని అడుగుడు. ద్రావణులలో నూటికి ఎంత తిరిగి పట్టుదురో, మిగిలినది గాలికా నీటికా అని అడుగుడు. మడ్డి ఏ వాహనములో ఏ చోటికి పోవునో అడుగుడు. విషపదార్థము ఒక్కమారు ఎంత నిలువ ఉండునో తప్పక అడుగుడు. భోపాల్ టాంకును మరువరాదు. చివర అడిగినవన్నియు, వచ్చిన జవాబులన్నియు వ్రాసి, సభలోనే స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. మీ ప్రశ్న అందులో రాకపోయినచో లేచి, వ్రాయుమని కోరుడు. ఆ కాగితమును పంచాయతీ కార్యాలయమున కూడ ప్రదర్శింపవలసియుండును. అది మీ గోడపై అంటించియున్నదో లేదో చూచుకొనుట మీ పని.

అనుమతి వచ్చిన పిమ్మట అభ్యంతరమున్నచో, 2010 చట్టముచే ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునలునకు అప్పీలు చేసికొనవచ్చును. మన దక్షిణాది పీఠము చెన్నైలో నున్నది. గడువు 30 దినములే. తగిన కారణము చూపిన మరి 60 దినముల వరకు ఒప్పుకొందురు. ఊరి పెద్దల నడుమ మాటలు కుదురునప్పటికి ఈ గడువు దాటిపోయిన సందర్భములు నేనెరుగుదును. ఇక పాత కర్మాగారములున్న గ్రామములవారు 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద కాలుష్య మండలి ఇచ్చిన సమ్మతి పత్రపు నకలు తీసికొనవచ్చును. అందు రోజుకు ఎంత మురుగు, ఎంత మడ్డి వరకు అనుమతియో వ్రాసియుండును. రాత్రిపూట పోవు టాంకర్ల లెక్క మీ కావలివానికి తెలియును. రెండును సరిచూచుకొనుడు.

ఒక మాట మిగిలినది. ఈ అంకె అడిగినపుడు కొందరు అది వ్యాపార రహస్యమని చెప్పుదురు. వంట విధానము రహస్యము కావచ్చును, దానిని మనము అడుగుటలేదు. ఏ ఉష్ణోగ్రతలో, ఏ ఉత్ప్రేరకముతో అన్నది వారు దాచుకొనవచ్చును. లోనికి పోయిన లారీల తూకము, సరుకుగా బయటకు వచ్చిన తూకము మాత్రము రహస్యము కాదు. ఆ తేడాయే మీ ఊరిలో మిగులునది. ఆ సభ తరువాత నేను వ్రాయు ప్రతి కరపత్రములోను పెట్టుబడి, కొలువులు, భూమి అను మూడు అంకెల క్రింద నాలుగవ పంక్తి చేర్చుచున్నాను. కొందరు దానిని నింపి పంపుచున్నారు. ఖాళీగా పంపినవారి కరపత్రమును ఖాళీగానే అచ్చువేయించుచున్నాను.

భోజనమునకు ఇంకను అరగంట కాలమున్నది. మీ మండలములలో నున్న కర్మాగారముల పేర్లు, వాటి సరుకులు వ్రాసి తెచ్చినవారు ముందునకు రండు. పట్టిక చదువు విధము ఈ నల్లబల్లమీద చూపెదను.